పాప పనుల్లో నీ వంతు

చిరంజీవి మేనల్లుడికి,

తెనాలి నుంచి మామయ్య ఆశీస్సులతో రాస్తున్న ఉత్తరం.

పాప బోర్లా పడి కిలకిలా నవ్విన రోజు ఇల్లంతా పండగలా ఉందని, మర్నాడే పాలసీసా ఎవరు కడగాలన్న మాట మీద నువ్వూ, నీ భార్యా, మీ అమ్మా ముగ్గురూ ముభావంగా తిరిగారని రాశావు. ఇలా ఎన్నాళ్ళని అడిగావు. ఇంకా చాలా కాలమే నాయనా. పాప నడిచి, మాట్లాడి, తన అన్నం తాను తినేదాకా మంచి రోజూ చెడ్డ రోజూ పక్కపక్కనే వస్తాయి. అందులో మీ కాపురానికి వచ్చిన లోటేమీ లేదు. ముగ్గురికీ నిద్ర చాలడం లేదు, అంతే. నిద్ర చాలని ఇంట్లో సీసా కూడా పెద్ద విషయమే అవుతుంది.

నేను ఆరోగ్యశాఖలో పనిచేసినంతకాలం పిల్లల టీకా సూదుల రోజున తండ్రులను చూస్తూ వచ్చాను. చాలామంది బండి ఆపి, తల్లినీ బిడ్డనూ దింపి, బయట వేపచెట్టు కింద నిలబడేవారు. వాళ్ళకు బిడ్డ మీద ప్రేమ లేక కాదు. లోపల తమకు పని ఉందని ఎవరూ చెప్పలేదు. కొద్దిమంది మాత్రం కార్డు చేత్తో పట్టుకుని లోపలికి వచ్చి, పోయినసారి ఏ తొడకు వేశారో, జ్వరం ఎన్నాళ్ళు ఉందో వాళ్ళే చెప్పేవారు. ఆ బిడ్డలు సూది పడగానే ఏడుస్తూ తండ్రి భుజం వెతుక్కోవడం నా కళ్ళారా చూశాను. నువ్వు ఆ రెండో రకం తండ్రివి కావాలని నా కోరిక.

అందుకు చేయాల్సింది ఒకటే. పాప పనుల్లో రెండు మూడింటిని పూర్తిగా నీవి చేసుకో. ఇప్పుడు నువ్వేం చేస్తున్నావో నీ ఉత్తరంలోనే ఉంది. అమ్మాయి చెబితే బట్టలు ఆరేస్తున్నావు, అడిగితే మందు తెస్తున్నావు. మంచిదే. కానీ ఏది ఎప్పుడు కావాలో గుర్తుపెట్టుకునే బరువంతా ఆమె తలలోనే ఉంది. చేసే పనికంటే ఆ గుర్తుపెట్టుకోవడమే మనిషిని ఎక్కువగా అలసిపోయేలా చేస్తుంది.

స్నానంతో మొదలుపెట్టు. నీళ్ళు కాచడం, తువ్వాలు, మార్చే బట్టలు ముందే దగ్గర పెట్టుకోవడం, ఒళ్ళు తుడిచి బట్టలు వేయడం, తడి గుడ్డలు ఉతకడం, ఇదంతా కలిపితేనే స్నానం. మధ్యలో "పాప గౌను ఎక్కడుంది?" అని కేకేశావంటే ఆ పని ఇంకా అమ్మాయిదే. నేర్చుకోవలసి వస్తే అక్క దగ్గర నేర్చుకో. కాళ్ళు చాపి వాటిమీద పడుకోబెట్టి నీళ్ళు పోయడంలో మా అక్కది అందె వేసిన చేయి. నిన్నూ అలాగే పెంచింది. కొడుకు వచ్చి తన దగ్గర పని నేర్చుకుంటే ఆమెకు కలిగే సంతోషం వేరే దేనితోనూ రాదు. నీళ్ళ వేడి మోచేతితో చూసుకో. బిడ్డను నీళ్ళ దగ్గర ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలకు, తలుపు గంట మోగినా సరే.

రెండోది రాత్రి. మొత్తం రాత్రిని ఇద్దరూ సగం సగం మేలుకుంటే ఇద్దరికీ నిద్ర ఉండదు. తెల్లవారుజామున నాలుగు తర్వాత పాప లేస్తే అది నీ వంతు అని తేల్చుకోండి. పాలు కావాలంటే అమ్మాయిని లేపక తప్పదు. ఆ తర్వాత ఎత్తుకోవడం, గుడ్డ మార్చడం, జోకొట్టడం నీవి. ఆమెకు వరసగా దొరికే మూడు గంటల నిద్రతో ఆ రోజంతా ఇంట్లో మాటల తీరే మారుతుంది.

వచ్చే నెల అమ్మాయి ఉద్యోగానికి వెళ్ళాలని రాశావు. 2017లో చట్టం మార్చి, మొదటి రెండు కాన్పులకు 26 వారాల ప్రసూతి సెలవు ఇచ్చారు కనుక ఇన్నాళ్ళు ఇంట్లో ఉండగలిగింది. యాభై మంది, అంతకు మించి పనిచేసే సంస్థలో పిల్లల గది ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చని కూడా చట్టం చెబుతుంది. వాళ్ళ ఆఫీసులో ఉందేమో కనుక్కోమను. తండ్రులకు మాత్రం ప్రైవేటు ఉద్యోగాల్లో ఇలాంటి హక్కు చట్టంలో లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 15 రోజులు ఇస్తారు. నీకు అది లేదు కనుక దాచుకున్న సెలవుల్లో ఒక వారం ఆమె ఆఫీసుకు వెళ్ళే మొదటి వారానికే పెట్టుకో. పాపను ఒక్కడివే చూసుకున్న ఆ వారం నీకు చాలా నేర్పుతుంది.

పాలసీసా మానేయండి. అమ్మాయి పిండి ఉంచిన తల్లిపాలను ఉగ్గుగిన్నెతోనో, గిన్నె చెంచాతోనో పట్టవచ్చు. సీసా సందుల్లో, పీకలో మురికి నిలుస్తుంది. గిన్నెను తోమి మరిగే నీళ్ళలో వేస్తే సరిపోతుంది. పిండిన పాలు ఫ్రిజ్ లోపలి అరలో పెట్టి మర్నాటిలోగా వాడేయండి. ఆరు నెలలు నిండగానే తల్లిపాలతో పాటు మెత్తని ఆహారం మొదలుపెట్టాలి. బియ్యం, పెసరపప్పు మెత్తగా ఉడికించి కాస్త నెయ్యి కలిపి రెండు మూడు చెంచాలతో ఆరంభించండి. అరటిపండు, ఉడికించిన బంగాళాదుంప, రాగిజావ ఒక్కొక్కటే, మూడు నాలుగు రోజుల తేడాతో. ఏడాది దాకా తేనె వద్దు. అన్నప్రాశనలో తేనె నాకించాలని ఎవరైనా అంటే పాయసం మెతుకు పెట్టి కానిచ్చేయండి.

ఇక నువ్వు రెండు పేజీలు రాసి, మళ్ళీ కొట్టేసిన విషయానికి వస్తాను. అక్క ఒకటి అంటుంది, అమ్మాయి ఇంకొకటి అంటుంది, నువ్వు మధ్యలో నలుగుతున్నావు. ఇందులో ఒక నియమం పెట్టుకో. మీ అమ్మకు చెప్పాల్సింది నువ్వే చెప్పాలి. నీ అత్తగారికి, అంటే తన తల్లికి, చెప్పాల్సింది అమ్మాయి చెబుతుంది. కోడలు వద్దంటే అక్కకు అది ఎదురు మాటగా వినిపిస్తుంది. కొడుకు వద్దంటే సాయంత్రానికి మరిచిపోతుంది. "నీ కోడలు ఇలా అంటోంది" అని ఎప్పుడూ మొదలుపెట్టకు. "నేను వద్దనుకుంటున్నానమ్మా" అని చెప్పు. ఒకరి మాట ఇంకొకరికి మోసే పని అసలే పెట్టుకోకు.

ఏవి వద్దనాలో నేను చెబుతాను. చెవుల్లో, ముక్కులో నూనె వేయడం వద్దు. ముక్కులో పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే ప్రమాదం. కంట్లో కాటుక వద్దు. దిష్టి చుక్క పెట్టాలని అక్కకు ముచ్చటైతే అరికాలికి పెట్టుకోమను. స్నానం తర్వాత గది నిండా సాంబ్రాణి పొగ వేయడం పసి ఊపిరికి మంచిది కాదు. మిగతావన్నీ, కొబ్బరినూనెతో ఒళ్ళు మర్దన, జోలపాట, ఉప్పు మిరపకాయలతో దిష్టి తీయడం, సంతోషంగా సాగనివ్వు. మూడింటికి వద్దని, ముప్పైకి సరేనంటే పెద్దవాళ్ళు నొచ్చుకోరు. అక్క అరవై దాటిన వయసులో తన ఇల్లు తాళం పెట్టి మీ కోసం హైదరాబాదు వచ్చింది. ఆ సంగతి ఇద్దరూ గుర్తుంచుకోవాలి.

అమ్మాయి ఊరికే ఏడుస్తోందని ఒక్క వాక్యం రాశావు. ఆ వాక్యం నన్ను కలవరపెట్టింది. కాన్పయిన తొలి రెండు వారాల్లో అలా ఉండడం మామూలే. ఇప్పుడు పాపకు ఆరో నెల. పాప పడుకున్నా ఆమెకు నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, "నేను మంచి తల్లిని కాను" అనడం రెండు వారాలకు మించి ఉంటే అది జబ్బు. దానికి వైద్యం ఉంది. "అందరూ పిల్లల్ని కనడం లేదా" అనే మాట నీ నోటి నుంచి గానీ, మా అక్క నోటి నుంచి గానీ రాకూడదు. ఆమె చెప్పేది పూర్తిగా విను. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ కేంద్రానికి 14416 నంబరులో ఫోను చేస్తే ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు. డాక్టరు దగ్గరికి నువ్వే వెంటబెట్టుకుని వెళ్ళు. చనిపోవాలనో, బిడ్డకు ఏమైనా చేస్తాననో అంటే ఒక్క పూట కూడా ఆగొద్దు. ఇదే బాధ తండ్రులకూ వస్తుంది. నీకు అలా అనిపిస్తే నాకు అర్ధరాత్రయినా ఫోను చెయ్యి.

పాపకు జబ్బు చేసిన రాత్రి ఇల్లు తలకిందులవుతుంది. అప్పుడు కంగారు పడకుండా ఉండాలంటే ముందే సిద్ధంగా ఉండాలి. ఇంట్లో థర్మామీటరు, ఓఆర్ఎస్ పొట్లాలు, జింకు మాత్రలు ఉంచుకో. విరేచనాలైతే పళ్ళు వస్తున్నాయిలే అని ఊరుకోవద్దు. పళ్ళు వచ్చే వయసులో పిల్లలు దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటారు, అసలు కారణం అది. ఓఆర్ఎస్ పెద్ద పొట్లాన్ని లీటరు నీళ్ళలో మొత్తం ఒకేసారి కలిపి, చెంచాతో పడుతూ, 24 గంటల తర్వాత మిగిలింది పారబోయాలి. తల్లిపాలు ఆపకూడదు. జింకు 14 రోజులు, విరేచనాలు తగ్గినా సరే. మోతాదు డాక్టరును అడుగు. పాలు తాగకపోయినా, ఆరు గంటలు మూత్రం పోయకపోయినా, మగతగా ఉన్నా, ఊపిరి ఎగబీలుస్తున్నా, ఫిట్స్ వచ్చినా తెల్లవారేదాకా చూడవద్దు.

బండి మాట కూడా చెప్పాలి. పాపను పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని వీధి చివరిదాకా తిప్పడం హైదరాబాదులో రోజూ కనబడే దృశ్యం. నువ్వు ఆ పని చేయకు. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లలను ద్విచక్ర వాహనం మీద తీసుకెళ్తే హెల్మెట్, నడిపేవారికి కలిపి కట్టే పట్టీ ఉండాలని, వేగం 40 దాటకూడదని 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన ఉంది. కొన్నాళ్ళు ఆటోలో తిరగండి.

డబ్బు దగ్గర నీకు తెలుసు కనుక ఎక్కువ చెప్పను. బారసాలకు చేసిన అప్పు ముందు తీర్చు, మొదటి పుట్టినరోజుకు కొత్త అప్పు చేయకు. నీ పేరిట టర్మ్ జీవిత బీమా పాలసీ తీసుకో. పాప పేరుతో పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా తెరువు. ఏడాదికి 250 రూపాయలు కట్టినా ఖాతా నడుస్తుంది, లక్షన్నర దాకా కట్టవచ్చు. జనన ధ్రువపత్రంలో పాప పేరు ఎక్కించారా? ఏడాదిలోపు ఎక్కిస్తే రుసుము ఉండదు.

ఇంకొన్నాళ్ళలో పాప కొత్త ముఖం చూస్తే ఏడుస్తుంది, అమ్మ గది దాటితే ఏడుస్తుంది, నువ్వు ఎత్తుకోబోతే చేతులతో నెట్టేయవచ్చు కూడా. ఎనిమిది తొమ్మిది నెలల్లో చాలామంది పిల్లలు అంతే. నా దగ్గరికి రావడం లేదని మనసు చిన్నబుచ్చుకుని పక్కకు తప్పుకోకు. పొద్దున స్నానం నీదే, తెల్లవారుజాము నీదే. ఆఫీసు నుంచి వచ్చాక ఫోను ముందుగదిలో పెట్టి నేల మీద కూర్చో. తొమ్మిది నెలలు నిండగానే తట్టు, రుబెల్లా సూది, విటమిన్ ఎ చుక్కలు ఉంటాయి. ఆ తేదీ నువ్వే గుర్తుపెట్టుకో, కార్డు పట్టుకుని లోపలికి నువ్వే వెళ్ళు.

చివరగా నాకోసం ఒక పని. నువ్వు సెలవు పెట్టే ఆ వారం ముగిశాక, పాపను చూసుకోవడానికి వియ్యపురాలు గారిని రాజమహేంద్రవరం నుంచి రమ్మని, మా అక్కకు తెనాలికి టికెట్ తీయి. కింది బెర్తు చూడు, ఆమె మోకాళ్ళ సంగతి నీకు తెలుసు. పదిహేను రోజులు ఇక్కడ ఉండి వస్తుంది. మీ అత్తయ్య ఇప్పటికే ఆవకాయ జాడీ పక్కన పెట్టింది.

మీ
మామయ్య