తుపాకీ "దానంతటదే పేలింది" అంటే ల్యాబ్‌లో ఎలా తేలుస్తారు?

"ట్రిగ్గర్ నొక్కలేదు, జారి కిందపడి పేలింది" అని నిందితుడు అంటే నమ్మొచ్చా అని అడిగారు కదా. ముందు తుపాకీ ఖాళీ చేసి, గొట్టంలో అడ్డం ఏమైనా ఉందా, సేఫ్టీ (పొరపాటున పేలకుండా ఆపే మీట) పనిచేస్తోందా అని చూస్తారు. అసలు సంగతంతా ట్రిగ్గర్ దగ్గరుంటుంది: దానికి బరువులు వేలాడదీసి ఎంత బలానికి హ్యామర్ (తూటాను పేల్చే సుత్తి లాంటి భాగం) పడుతుందో చాలాసార్లు కొలుస్తారు. మామూలు డబుల్ యాక్షన్ రివాల్వర్‌కి (ట్రిగ్గర్ నొక్కుతుంటేనే హ్యామర్ వెనక్కి వెళ్లి పడే రకం) సుమారు 4-5 కిలోల బలం కావాలి, అదే హ్యామర్ ముందే వెనక్కి లాగి ఉంటే అందులో సగం కూడా అక్కర్లేదు, కాబట్టి ఘటన జరిగినప్పుడు హ్యామర్ ఎలా ఉందన్నది పెద్ద ప్రశ్నే.

తర్వాత గుండు, మందు తీసేసి ప్రైమర్ (దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే, తూటా అడుగునుండే చిన్న మూత) ఒక్కటే ఉన్న తూటా పెట్టి, తుపాకీని రబ్బరు సుత్తితో అటూ ఇటూ కొడతారు, మ్యాట్ మీద పడేస్తారు. ప్రైమర్ పేలిందా, పేలకపోయినా దాని మీద చిన్న గుంటైనా పడిందా అని మైక్రోస్కోప్ కింద చూస్తారు. నాటు తుపాకీ అయితే చేత్తో పట్టుకుని ఎవరూ కాల్చరు (ఎవరి ప్రాణం వాళ్లకి తీపి), స్టాండ్‌కి బిగించి దూరం నుంచి తాడుతో లాగుతారు.

ఎన్నిసార్లు కొట్టినా పేలకపోతే "ఆ రోజు పేలి ఉండదు" అని రాయరు, "మేం పరీక్షించిన తీరులో పేలలేదు" అని మాత్రమే రాస్తారు.