బెంగళూరులో పోలింగ్ రోజు మా బూత్ దగ్గర నేను చూసింది

ప్రశ్న ఇదీ: బెంగళూరులో ఎప్పుడు ఎన్నికలు జరిగినా ఓటింగ్ సగం దాటి నాలుగడుగులు వేసి ఎందుకు ఆగిపోతుంది, పోలింగ్ రోజు మీ ఏరియాలో ఏం చూశారు? దాని కిందే ఇంకొకరు, ఊళ్లో ఉన్న ఓటును ఇక్కడికి మార్చుకోవాలా వద్దా అని అడిగారు. నా లెక్కలో ఈ రెండూ ఒకే ప్రశ్న. అందుకే కలిపి చెబుతున్నాను.

2024 ఏప్రిల్ 26, శుక్రవారం. మాది మహదేవపుర అసెంబ్లీ సెగ్మెంట్, లోక్‌సభకు బెంగళూరు సెంట్రల్ కిందికి వస్తుంది. మున్నెకొళాల వైపు ఒక సర్కారు బడిలో మా బూత్. నేను ఏ పార్టీ ఏజెంటునూ కాదు. మా లేఔట్ వాళ్లం కొందరం కలిసి బడికి దూరంగా ఒక బల్ల వేసుకున్నాం. వచ్చినవాళ్ల పేరు జాబితాలో ఎక్కడుందో ఫోన్లో వెతికి, పార్ట్ నంబరు, సీరియల్ నంబరు చీటీ మీద రాసివ్వడమే మా పని. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఆరు దాకా అక్కడే ఉన్నాం కాబట్టి ఎవరు వచ్చారో, వచ్చి కూడా ఓటు వేయలేక ఎవరు వెనక్కి పోయారో దగ్గర నుంచి చూశాను.

ఏడు గంటలకే పెద్దవాళ్లు క్యూలో నిలబడి ఉన్నారు. మార్నింగ్ వాక్ నుంచి నేరుగా వచ్చినవాళ్లు, రిటైరైనవాళ్లు. టిఫిన్ల పని అయ్యాక ఆడవాళ్లు వచ్చారు. పదకొండు దాటాక ఎండ మండిపోయింది. ఆ నెలాఖరుకు బెంగళూరులో 38 డిగ్రీలు దాటిన వేసవి అది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడున్నర దాకా లోపల సిబ్బంది తప్ప పెద్దగా ఎవరూ లేరు. నాలుగు తర్వాత క్యూ మళ్లీ పెరిగింది. ఈసారి వచ్చినవాళ్లు వేరు: ఇళ్లల్లో పనిచేసేవాళ్లు, సెక్యూరిటీ డ్యూటీ దిగినవాళ్లు, బండి మీద కూరగాయలు అమ్మేవాళ్లు. పోలింగ్ రోజు ఓటరుకు జీతంతో కూడిన సెలవు ఇవ్వాలని ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 135బి చెబుతుంది, రోజుకూలీకి కూడా వర్తిస్తుంది. కానీ మా అపార్ట్‌మెంట్లలో అంట్లు తోమే అక్కకు ఆ సెలవు ఎవరిచ్చారు? మదనపల్లె వైపు ఆవిడ ఒకామె చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, "అన్నా, ఇండ్లన్నీ ముగించుకుని వస్తా ఉండా, ఇంకా టైముందా?" అని అడిగింది. ఉంది. ఆరు గంటలకు క్యూలో ఉంటే చాలు, ఎంత ఆలస్యమైనా ఓటు వేయనివ్వాలి. ఆ సమయానికి బూత్ బాధ్యత చూసే ప్రిసైడింగ్ ఆఫీసర్ క్యూలో చివర నిలబడ్డ మనిషి నుంచి మొదలుపెట్టి ముందుకు చీటీలు పంచుకుంటూ వస్తారు, తర్వాత వచ్చినవాళ్లు వెనక చేరకుండా. ఇది చాలామందికి తెలియదు. ఐదున్నర దాటిందని ఇంట్లోనే ఆగిపోతారు.

ఇప్పుడు అసలు సంగతి. ఓటింగ్ తక్కువంటే జనం బద్ధకించారనే అందరూ అనుకుంటారు. బద్ధకం లేదని నేననను, మా బ్లాక్‌లోనే ఆ రోజు తలుపు తీయని ఇళ్లున్నాయి. కానీ బల్ల దగ్గర కూర్చున్నాక నాకు అర్థమైందేమిటంటే, జాబితాలో ఉండి రానివాళ్లలో చాలామంది అసలు ఈ ఏరియాలోనే లేరు. ఈ ఏరియాలో ఉన్నవాళ్లలో చాలామంది జాబితాలో లేరు.

బెంగళూరులో అద్దె ఇళ్ల సంగతి తెలిసిందే. రెండు మూడేళ్లకోసారి ఇల్లు మారతాం, ఆఫీసు మారితే ఏరియానే మారతాం. గ్యాస్, బ్యాంకు, ఆధార్ అడ్రసు మార్చుకుంటాం గానీ ఓటు మాత్రం పాత ఇంటి దగ్గరే ఉండిపోతుంది. పోలింగ్‌కు ముందు బూత్ లెవెల్ ఆఫీసర్లు ఇల్లిల్లూ తిరిగి, లేనివాళ్లు, వెళ్లిపోయినవాళ్లు, చనిపోయినవాళ్ల పేర్లతో ఏఎస్‌డీ అనే విడి జాబితా తయారుచేస్తారు. ఆ పేర్లు పెద్ద జాబితాలో అలాగే ఉంటాయి. శాతం లెక్కేసేది ఆ పెద్ద జాబితా మీదే. అంటే ఎప్పుడో పుణెకో హైదరాబాద్‌కో వెళ్లిపోయిన మనిషి కూడా మా బూత్ లెక్కలో "ఓటు వేయనివాడే". 2025 ఆగస్టులో మహదేవపుర జాబితా మీద రాహుల్ గాంధీ ఆరోపణలు చేయడం, ఎన్నికల సంఘం వాటిని కొట్టేయడం మీకు గుర్తుండే ఉంటుంది. ఆ గొడవలోకి నేను పోవడం లేదు. అందులో ఎవరిది నిజమైనా, ఇల్లు మారినవాళ్ల పేర్లు పాత చోట మిగిలిపోవడం మాత్రం ఆ రోజు నా కళ్లముందు జరిగినదే.

రెండో వైపు సంగతి ఇంకా బాధగా ఉంటుంది. ఒక జంట వచ్చారు. భర్త పేరు మా బూత్‌లోనే దొరికింది. భార్య పేరు రాజాజీనగర్‌లో ఉంది, పెళ్లికి ముందు పుట్టింటివాళ్లు ఉన్న చోట. ఆ ఎండలో చంకలో బిడ్డతో ఊరికి ఆ చివర దాకా ఎక్కడ పోతుంది? ఆయన ఓటు వేసి వచ్చేదాకా ఆమె చెట్టు కింద నిలబడింది. ఇంకొక పెద్దాయన, బంగారుపేట వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన తెలుగాయన, చొక్కా జేబులోంచి పాత ఓటరు కార్డు తీశాడు. లామినేషన్ అంచులు విడిపోయి, ఫొటోలో జుట్టు నల్లగా ఉంది. కార్డు నంబరు కొట్టి చూశాం, రాలేదు. పేరు మూడు నాలుగు రకాల స్పెల్లింగులతో వెతికాం, తండ్రి పేరుతో వెతికాం. లేదు. "కార్డు ఉంది కదా బాబూ, పోయినసారి దీంతోనే వేశాను" అన్నాడు. కార్డు చేతిలో ఉన్నా జాబితాలో పేరు లేకపోతే ఓటు లేదని ఆయనకు చెప్పాల్సి వచ్చింది. అదే పేరు ఉండి కార్డు లేకపోతే ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు లాంటివి ఏదొకటి చూపించి వేయొచ్చు. మనవాళ్లు చాలామంది దీన్ని తిరగేసి అర్థం చేసుకుంటారు. ఆయనకు ఒక నెల ముందు ఎవరైనా చెప్పి ఉంటే పేరు మళ్లీ ఎక్కించుకునేవాడు. చాలాసేపు బల్ల పక్కనే కుర్చీలో కూర్చుని వెళ్లిపోయాడు. ఆయనకు కూడా మర్నాడు పేపర్లో "బెంగళూరు బద్ధకం" అనే హెడ్డింగే కనబడుతుంది కదా అని నాకు చాలా కష్టంగా అనిపించింది.

ఆ రోజు లెక్కలు చూస్తే బెంగళూరు సౌత్ 53.17 శాతం, సెంట్రల్ 54.06, నార్త్ 54.45. రెండు విడతలూ కలిపి రాష్ట్రం మొత్తం 70 దాటింది. శుక్రవారం పెట్టారు కాబట్టి మూడు రోజుల సెలవు కలిసొచ్చి అందరూ కూర్గుకో ఊటీకో పోయారన్నారు. ఈ మాట నేను ఒప్పుకోను. 2018 అసెంబ్లీ పోలింగ్ శనివారం. 2019 లోక్‌సభ గురువారం, మర్నాడు గుడ్ ఫ్రైడే. 2023 అసెంబ్లీకి కావాలనే బుధవారం పెట్టామని ఎన్నికల సంఘమే చెప్పింది, ముందూ వెనకా సెలవు కలవకూడదని. ఏ వారం పెట్టినా నగరం దాదాపు అక్కడే ఉంది. 2023లో రాష్ట్రం 73 శాతానికి పోయినా బెంగళూరు 54 దగ్గరే ఆగింది.

ఇంకో రుజువు మన తెలుగువాళ్లే. ఆంధ్రప్రదేశ్ పోలింగ్ 2024 మే 13, సోమవారం. అంతకుముందు రెండో శనివారం, ఆదివారం. అదీ మూడు రోజుల సెలవే. శుక్రవారం రాత్రి నుంచే మారతహళ్లి బ్రిడ్జి దగ్గర, టిన్ ఫ్యాక్టరీ దగ్గర, సిల్క్ బోర్డు దగ్గర బ్యాగులేసుకుని నిలబడ్డవాళ్లంతా మనవాళ్లు. బస్సుల్లో సీట్లు లేవు. అనంతపురం, కడప, కర్నూలు, చిత్తూరు వైపు కార్లలో నలుగురైదుగురు కలిసి పోయారు. రాష్ట్రంలో పోలింగ్ 81 శాతం దాటింది. ఏప్రిల్ 26న మా బల్ల పక్కనుంచే క్రికెట్ బ్యాటుతో పోయిన పీజీ హాస్టల్ కుర్రాళ్లను నేను పలకరించాను. "మాకు ఈడ ఓటు లేదన్నా, జమ్మలమడుగులో ఉంది, వచ్చే నెల పోతాం" అన్నారు. పోయారు కూడా, వేలికి సిరా చుక్కతో తిరిగొచ్చారు. ఆ కుర్రాళ్లను బద్ధకస్తులని ఎలా అంటాం? సెలవు అక్కడ ఓటు దగ్గరికి చేర్చింది, ఇక్కడ ఓటుకు అడ్డమైందంటే తేడా సెలవులో లేదు.

తేడా ఎక్కడుందో ఆ కుర్రాళ్లలో ఒకణ్ణి అడిగాను. ఊళ్లో బూత్ చూసుకునే మనిషి వారం నుంచి ఫోన్లు చేస్తున్నాడట. ఎవరి పిల్లలు ఎక్కడున్నారో, ఏ బస్సుకు వస్తున్నారో అంతా ఆయన నోట్‌బుక్కులో ఉంటుంది. కొన్ని చోట్ల ఈ శ్రద్ధ వెనక డబ్బులూ నడుస్తాయి, అది నాకు ఏమాత్రం నచ్చని సంగతి. దాన్ని పక్కన పెట్టినా, "నువ్వు రావాలి" అని పేరు పెట్టి పిలిచే మనిషి అక్కడ ఒకడున్నాడు. మా లేఔట్‌లో ఎవరున్నారు? ఎన్నికలకు ముందు మా గేటు దగ్గరికి వచ్చినవాళ్లు సెక్యూరిటీ చేతికి కరపత్రాలిచ్చి పోయారు. బెంగళూరు మహానగర పాలికె ఎన్నికలు 2015 ఆగస్టులో జరిగాయి. గెలిచిన కార్పొరేటర్ల గడువు 2020 సెప్టెంబరుతో ముగిసింది. ఈ లోక్‌సభ పోలింగ్ నాటికి మళ్లీ ఎన్నిక జరగలేదు. మోరీ పొంగితే ఫోన్ చేయడానికి, ఓటు అడగడానికి గడప తొక్కే వార్డు మనిషే లేకుండా పోయాడు. నగరంలో ఓటింగ్ పెరగాలంటే సెల్ఫీ పాయింట్లు, ఓటేసినవాళ్లకు హోటళ్లలో ఉచిత దోసెల కంటే ముందు కావాల్సింది స్థానిక ఎన్నికలని నేను గట్టిగా నమ్ముతాను. పక్కనే ఉన్న బెంగళూరు గ్రామీణ స్థానంలో అదే శుక్రవారం, అదే ఎండలో 68.30 శాతం పడింది. అందులో రాజరాజేశ్వరీ నగర్ లాంటి నగర ప్రాంతాలతో పాటు కనకపుర, మాగడి, కుణిగల్ కూడా ఉన్నాయి. అక్కడ పంచాయతీ మెంబరు ఎవరో ఓటరుకు తెలుసు, ఓటరు ఎవరో మెంబరుకు తెలుసు. ఇది తెలుగూ కన్నడా తేడా కాదు, పల్లెకూ మహానగరానికీ ఉన్న తేడా. మే 13న హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో కూడా 48 శాతమే పడింది.

ఇక రెండో ప్రశ్న, ఓటు మార్చుకోవాలా అని. నేను మార్చుకున్నాను. మా నాన్నకు ఇష్టం లేదు. "ఊళ్లో ఓటు తీసేయించుకుంటే ఇంక ఊరితో నీకేం సంబంధం రా" అన్నారు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది, ఇప్పటికీ పండక్కి పోతే ఆ మాట వస్తుంది. కానీ 2024 మార్చిలో మా వైపు బోర్లు ఎండిపోయి ట్యాంకర్ కోసం అర్ధరాత్రి దాకా కాచుకున్నాం. నీళ్ల కోసం అధికారుల దగ్గరికి గుంపుగా వెళ్లినప్పుడు చుట్టూ చూస్తే, నాతో వచ్చినవాళ్లలో సగం మందికి ఇక్కడ ఓటే లేదు. మా మాట ఎవరు లెక్కచేస్తారు? పిల్లల బడి, రోడ్డు, నీళ్లు, చెత్త అన్నీ ఇక్కడే అయినప్పుడు నా ఓటు కూడా ఇక్కడే ఉండాలనుకున్నాను. అమ్మానాన్నల పొలం, పెన్షన్, ఊరి రాజకీయం మీద మనసున్నవాళ్లు అక్కడే ఉంచుకుంటే తప్పు పట్టను, నిజంగా పోయి వేసేవాళ్లయితే. రెండు చోట్లా ఉంచుకోవడం మాత్రం కుదరదు. 1950 నాటి చట్టం ఒక మనిషి పేరు ఒక్కచోటే ఉండాలంటుంది. అబద్ధపు డిక్లరేషన్ ఇస్తే ఏడాది దాకా జైలుశిక్ష పడొచ్చు.

మార్చుకోవడానికి ఫారం 8. ఫారం 6 కొత్తగా ఓటు నమోదయ్యేవాళ్లకు మాత్రమే. ఇది తెలియక చాలామంది మళ్లీ ఫారం 6 పెడతారు, రెండు చోట్లా పేరు పడేది ఇందువల్లే. ఫారం 8ని ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు, వేరే రాష్ట్రం నుంచి మారుతున్నా అదే ఫారం. పాత కార్డు నంబరు తప్పనిసరిగా రాయండి, పాత చోట పేరు తీసేయడానికి అదే ఆధారం. అడ్రసు రుజువుకు కరెంటు బిల్లో రిజిస్టరైన అద్దె ఒప్పందమో పెట్టండి. తర్వాత బూత్ లెవెల్ ఆఫీసర్ ఇంటికి వస్తారు. ఆ సమయానికి ఇంట్లో ఎవరూ లేకపోతే దరఖాస్తు ఆగిపోవచ్చు కాబట్టి, వాచ్‌మన్‌కు ముందే చెప్పి ఉంచండి. నామినేషన్ల చివరి తేదీ దాటితే జాబితాలో కొత్త పేరు చేర్చరు. దరఖాస్తు అంతకు కనీసం పది రోజుల ముందే చేరాలి. షెడ్యూల్ వచ్చాక చూద్దాంలే అనుకోకండి. మీకు ఓటు ఉందనే ధైర్యం ఉన్నా సరే, మీ పేరు, ఇంట్లో పెద్దవాళ్ల పేర్లు జాబితాలో ఉన్నాయో లేదో ఈ వారమే ఒకసారి కార్డు నంబరు కొట్టి చూసుకోండి.