జర్మన్ భాషలో బీ1 (మధ్యస్థాయి) పరీక్ష పాసయ్యాను, అయినా మాట్లాడితే క్రియ తప్పు చోట పడుతోంది. ముప్పై దాటాక నేర్చుకోవడం వల్లేనా? పై స్థాయి బీ2కి ఇప్పుడే డబ్బు కట్టాలా?

వయసు గురించి టెన్షన్ పెట్టుకోకండి. పరీక్షలో కరెక్టుగా రాస్తున్నారు, నోరు విప్పితే మాత్రం ‘హోయ్టె గేహె ఇష్’ (ఈరోజు వెళ్తాను నేను, క్రియ రెండో చోట) అనాల్సిన చోట ‘హోయ్టె ఇష్ గేహె’ (ఈరోజు నేను వెళ్తాను) అనేస్తున్నారు, అంతేగా? ష్టుట్‌గార్ట్‌లో నేను సాయంత్రం క్లాసులకి వెళ్లినప్పుడు ఇటలీ వాళ్లు, టర్కీ ఆవిడ, సిరియా కుర్రాళ్లు, నేను, అందరం అలాగే మాట్లాడేవాళ్లం. టీచర్ ఆపి సరిచేసేది, సరిగ్గా చెప్పేవాళ్లం, కాఫీ మెషీన్ దగ్గరికి వెళ్లేసరికి మళ్లీ మామూలే.

దీని మీద జర్మనీలోనే మంచి పరిశోధన జరిగింది. 1970ల చివర్లో మైజెల్, క్లాజెన్, పీనెమాన్ అనేవాళ్లు ఇటలీ, స్పెయిన్, పోర్చుగల్ నుంచి పనికోసం వచ్చిన కార్మికులతో కూర్చుని మాట్లాడి, ఆ మాటలన్నీ రికార్డు చేసి, రాసుకుని, ఒక్కో వాక్యంలో క్రియ ఎక్కడ పడిందో చూశారు. పరీక్ష పెట్టలేదు, ఎందుకంటే రూలు తెలియడం వేరు, మాటల వేగంలో అది నోటికి రావడం వేరు. తేలిందేమిటంటే వాళ్లంతా దాదాపు ఒకే వరసలో ముందుకెళ్లారు: మొదట కర్త-క్రియ-కర్మ, తర్వాత ‘హోయ్టె’ లాంటి మాట ముందుకొస్తుంది కానీ క్రియ కదలదు (మీరు ఉన్నది ఇక్కడ), ఆ తర్వాత ‘హాబె... గెగెస్సెన్’ (తిన్నాను) లాగా క్రియలో రెండో ముక్క చివరికి వెళ్తుంది, అదయ్యాకే క్రియ కర్త కంటే ముందుకి దూకుతుంది, ‘వైల్’ (ఎందుకంటే), ‘డాస్’ (అని) లతో మొదలయ్యే వాక్యాల్లో క్రియ చివరికి చేరడం అన్నిటికన్నా ఆఖరు.

పీనెమాన్ తర్వాత జర్మనీలో ఉన్న ఇటలీ పిల్లలకి ఆ నాలుగో మెట్టునే (క్రియ కర్త కంటే ముందుకి దూకేది) పనిగట్టుకుని నేర్పి చూశాడు. మూడో మెట్టు మీద ఉన్నవాళ్లకి అబ్బింది, అంతకంటే కింద ఉన్నవాళ్లకి అబ్బలేదు. వాళ్లు బడికెళ్లే చిన్నపిల్లలు, గమనించండి. వయసు మీద నెట్టేయడానికి లేదు. యాస సంగతి వేరు, అక్కడ వయసు ప్రభావం గట్టిగానే ఉంటుంది.

తెలుగులో క్రియ ఎలాగూ చివరే కదా, మనకి ఆ ఆఖరి మెట్టు తేలికవ్వాలి కదా అని మీకు అనిపించొచ్చు. వైనిక్కా, యంగ్-షోల్టెన్ అనే ఇద్దరు 1990లలో టర్కిష్, కొరియన్ వాళ్లని చూస్తే (వాళ్ల భాషల్లోనూ క్రియ చివరే) మొదట్లో జర్మన్‌లో కూడా క్రియని చివర్లోనే పెట్టారని తేలింది. మరి నా నోట్లోంచి వచ్చింది మాత్రం ఇంగ్లీషు వరస. బడిలో కష్టపడి నేర్చుకున్న భాష, మూడో భాష దగ్గరికొచ్చేసరికి అమ్మ భాషని పక్కకి తోసేస్తుందని బార్డెల్, ఫాల్క్ 2007లో రాశారు. వాళ్లు చూసింది స్వీడిష్, డచ్ నేర్చుకునేవాళ్లని, అయినా నా అనుభవానికి అచ్చంగా సరిపోయింది.

ఇక ఏం చెయ్యాలంటే, ఆ రూలు మీద ఇంకో వర్క్‌బుక్ కొనకండి, దండగ. నాకు పనికొచ్చింది ‘డాన్ హాబె ఇష్’ (అప్పుడు నేను...), ‘యెట్స్ట్ ముస్ ఇష్’ (ఇప్పుడు నేను తప్పక...), ‘ఇన్ ఇండియెన్ గిప్ట్ ఎస్’ (ఇండియాలో ఉంటాయి...) లాంటివి విడదీయకుండా ఒకే మాటలా నోటికి అలవాటు చేసుకోవడం. ఆఫీసులో వాటితోనే వాక్యం మొదలుపెట్టేవాణ్ణి, మిగతాది ఎలా వస్తే అలా. అప్పుడప్పుడూ ఫోన్లో రెండు నిమిషాలు మాట్లాడి దాచుకోండి, కొన్ని నెలల తర్వాత విని కేవలం క్రియ ఎక్కడుందో చూడండి, నామవాచకం ముందు లింగాన్ని బట్టి వచ్చే డెర్, డీ, డాస్ జోలికి పోకండి, అవి పదంతో పాటు బట్టీ పట్టాల్సినవే, వేరే గోల. ‘వైల్’ దగ్గర తప్పితే మరీ సిగ్గుపడకండి, మాటల్లో జర్మన్లే ‘వైల్ ఇష్ బిన్ క్రాంక్’ (ఎందుకంటే నాకు ఒంట్లో బాగాలేదు) అని, క్రియ ‘బిన్’ని చివర పెట్టకుండా అనేస్తుంటారు, కాకపోతే పరీక్షలో అలా రాస్తే మార్కులు పోతాయి.

బీ2కి ఇప్పుడే డబ్బు కట్టాలా అని కూడా అడిగారు. వీసాకో ఉద్యోగానికో సర్టిఫికెట్ తప్పనిసరి కాకపోతే, నేనైతే కొన్నాళ్లు ఆగి ఆ టైమంతా మాట్లాడటానికే పెడతాను.