ఆడపడుచు పెళ్లికి ఆటిజం ఉన్న ఆరేళ్ల బాబుని తీసుకెళ్లాలి, ఎలా?

గాజువాకలో ఫంక్షన్ హాలు, రాత్రి ముహూర్తం, "మేనల్లుడు పీటల దగ్గర లేకపోతే ఎలా" అంటున్న అత్తగారు. అంతసేపు బాబుని కూర్చోబెట్టేదెలా అని అడిగారు. నన్నడిగితే కూర్చోబెట్టొద్దు. పెళ్లి మొత్తంలో వాడికి పనికొచ్చే అరగంట మీరే ఏరుకోండి, తక్కినది వదిలేయండి.

మా వాడికిప్పుడు పదకొండేళ్లు. ఎవరి పెళ్లయినా మేం గౌరీపూజ వేళకి వెళ్తాం. అప్పటికి జనం పలచగా ఉంటారు, సన్నాయివాళ్లు ఇంకా టీ తాగుతుంటారు, వీడియో లైట్లు వెలిగి ఉండవు. పెళ్లికూతురు పక్కన కాసేపు నిలబడి, ఫొటో దిగి, దూరం నుంచి నాలుగు అక్షింతలు వేసి వచ్చేస్తాడు. వాడి నెత్తిన మాత్రం వేయనివ్వం, ఆ గింజలు జుట్టులో తగిలితే భరించలేడు. బారాత్, గట్టిమేళం ఇంట్లో వీడియో కాల్లో, సౌండు వాడి చేతిలో పెట్టి చూపిస్తాం.

గట్టిమేళమే అన్నిటికన్నా గడ్డు. ఒక్కసారిగా మీద పడుతుంది. పైగా జనరేటరు, గిన్నెల చప్పుడు, సంపెంగల వాసన, బుగ్గ గిల్లే పిన్నిగార్లు. మనం కాసేపటికి ఇవన్నీ పట్టించుకోం, ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి ఏదీ తగ్గదు. "గారం చేసి చెడగొట్టారు" అనేవాళ్లుంటారు. వెలుగు, చప్పుడు, స్పర్శ మరీ ఎక్కువగానో మరీ తక్కువగానో తెలియడాన్ని 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (మానసిక సమస్యల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే అమెరికా పుస్తకం) ఆటిజం లక్షణాల్లోనే చేర్చిందని చెప్పండి. వినేవాళ్లు వింటారు.

ముందురోజు ఖాళీ హాలు చూపించండి. ఎక్కడ కూర్చోవాలో, బయటికి దారి ఎటో వాడితోనే ఫోన్లో ఫొటోలు తీయించండి. పట్టుబట్టల లోపల మెత్తటి కాటన్ బనియను వేయండి, మెడ దగ్గర లేబుల్ కత్తిరించేయండి. చెవులకి చప్పుడు తగ్గించే ఇయర్‌మఫ్‌లు కొనండి. ఫ్యాక్టరీ కార్మికులకి సేఫ్టీ సామాన్లు అమ్మే షాపుల్లో దొరుకుతాయి, పిల్లల సైజు ఆన్‌లైన్లో చూసుకోండి. ఇంట్లో అలవాటయ్యాకే హాల్లో పెట్టండి, రోజంతా ఉంచకండి.

మీరూ మీ ఆయనా ముందే ఒక మాట అనుకోవాలి: బాబుతో బయటికొచ్చేది ఎవరని. మా ఇంట్లో ఆయనే, తోబుట్టువు పెళ్లయినా సరే. మా వాడు చెవులు మూసుకుని ఒకే మాట పదేపదే అంటున్నాడంటే ఇక ఆగకూడదు. ఏడుపు మొదలయ్యేదాకా చూస్తే ఆలస్యమే. అప్పటికే ఏడుస్తుంటే బుజ్జగింపులూ బెదిరింపులూ వద్దు, కారెక్కించి ఏసీ వేసి మాట్లాడకుండా పక్కన కూర్చోండి. వాడు అడిగింది ఇస్తే ఆగే మారాం కాదది.

అలాగని అన్నిటికీ దూరంగా పెంచమనడం లేదు. విశాఖలో నేవీ విన్యాసాలంటే మా వాడికి ప్రాణం. ఆర్కే బీచ్ ఇసకలో జనం మధ్య కాదు, దూరంగా బంధువుల మేడ మీద, మఫ్‌లు పెట్టుకుని చూస్తాడు.

అత్తగారికి మాత్రం పెళ్లి రోజున కాదు, ఇప్పుడే చెప్పండి, మీ ఆయన చేత చెప్పించండి. రిసెప్షన్ మర్నాడే అయితే దానికి బాబుని తీసుకెళ్లొద్దు.