నేలలో నీరున్నా మిరప ఎందుకు వాడుతోంది?

ప్రశ్న: మా మిరప తోటలో వర్షపు నీరు మూడు రోజులు నిలిచింది. నీరు తీసేశాం. నేల ఇంకా చిత్తడిగానే ఉన్నా ఎండెక్కేసరికి మొక్కలు వాడిపోతున్నాయి, కింది ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. యూరియా వేసి తడి పెట్టమంటారా? – ఒక రైతు

జవాబు: రెండూ వద్దండీ. మీ మొక్కలకు కరువైంది నీరు కాదు, వేర్లకు గాలి. నీటిలో ఆక్సిజన్ గాలిలో కంటే దాదాపు 10 వేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది. ఊపిరాడని వేరు కణాల్లో ఆమ్లత పెరిగి, నీటిని లోపలికి పంపే ఆక్వాపోరిన్ అనే సన్నటి దారులు మూసుకుంటాయి. అందుకే తడి నేలలోనూ మొక్క వాడుతోంది.

పోషకాల సంగతి ఇంకా ఇబ్బంది. వేరు లోపల అంతశ్చర్మం అనే లోపలి పొర కణాల చుట్టూ నీరు చొరని కాస్పేరియన్ పట్టీ ఉంటుంది. కణాల సందుల్లోంచి వచ్చిన లవణాలు అక్కడ ఆగిపోయి, కణాన్ని కప్పి ఉండే పలుచని పొర (కణత్వచం) గుండానే లోపలికి వెళ్లాలి. నైట్రేట్‌ను, పొటాష్‌ను అలా లాగడానికి వేరు శక్తి ఖర్చు పెట్టాలి. ఆ శక్తి శ్వాసక్రియ నుంచే రావాలి. అది తగ్గడంతో నత్రజని అందక, మొక్క ముదురు ఆకుల్లోని నత్రజనిని చిగుళ్లకు తరలిస్తోంది. మీరు చూస్తున్న పసుపు చాలావరకు అదే. ఈ స్థితిలో మొక్క మొదలు దగ్గర యూరియా వేస్తే వేరు చుట్టూ ఉప్పు గాఢత పెరిగి నీరు అందడం ఇంకా కష్టమవుతుంది.

ముందు సాళ్ల మధ్య కాలువలు లోతు చేసి మిగిలిన నీరు లాగేయండి. ఆకుల ద్వారా పోషకం ఇవ్వండి: లీటరు నీటికి 10 గ్రా. పొటాషియం నైట్రేట్ కలిపి చల్లపూట పిచికారీ చేసి, వారం తర్వాత మరోసారి చేయండి. వేరుకుళ్లు రాకుండా కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రా. కలిపి మొదళ్లు తడిసేలా పోయండి. దీన్ని పిచికారీ మందులో కలపకండి. నేల పదునుకు వచ్చాకే గుంటక తోలండి. తడిలో తోలితే మట్టి అణిగి, ఉన్న గాలి కూడా పోతుంది.

ఒక మొక్కను మట్టితో సహా తవ్వి వేర్లు కడిగి చూడండి. గోధుమ రంగుకు తిరిగి, వేళ్లతో లాగితే పైతోలు ఊడి లోపలి దారం మిగిలితే అది కుళ్లిన వేరు. కొత్త తెల్లటి వేర్లు కనిపిస్తేనే నేలలో ఎరువు వేయండి.

ఆకులు పచ్చగా ఉండగానే వాడి, సాయంత్రానికీ తేరుకోని మొక్క ఉంటే కాండం కోసి గాజు గ్లాసు నీటిలో నిలపండి. తెల్లటి దారంలా జిగురు దిగితే అది బాక్టీరియా ఎండు తెగులు. ఆ మొక్కను పీకి తోట బయట తగలబెట్టండి. ఆ సాలు నీరు పక్క సాళ్లకు పారనివ్వకండి.