ఇంటర్‌ఫెరోమీటర్‌లో (ఒకే తరంగాన్ని రెండు దారుల్లో పంపి మళ్లీ కలిపే పరికరం) ఫ్రింజెస్ (అలా కలిసినప్పుడు వచ్చే చారలు) మసకబారితే అసలు కారణం ఎలా కనుక్కోవాలి?
కాంట్రాస్ట్ (చారల స్పష్టత) తగ్గగానే డీకోహెరెన్స్ (ఏ దారిలో వెళ్లిందన్న సమాచారం బయటికి లీకై చారలు పోవడం) అనేయకండి, ఒక్కో షాట్‌కి (ఒక్కోసారి చేసే కొలతకి) ఫేజ్ (తరంగం దశ) అటూఇటూ జరిగిపోతుంటే యావరేజ్‌లో కూడా ఫ్రింజెస్ చెరిగిపోతాయి, అద్దాల వైబ్రేషన్, లేజర్ ఫేజ్ నాయిస్ చేసేది ఇదే. కోల్డ్ ఆటమ్స్ (బాగా చల్లబరిచిన పరమాణువులు) అయితే షాట్లు విడివిడిగా చూడండి, లేదా మధ్యలో ఎకో పల్స్ (అప్పటిదాకా పోగైన ఫేజ్ తేడాని వెనక్కి తిప్పే పల్స్) ఇవ్వండి. కాంట్రాస్ట్ వెనక్కి వచ్చిందంటే ఏ దారిలో వెళ్లిందన్న సమాచారం బయటికి లీక్ అవ్వలేదన్నమాట.

రాకపోతే మాత్రం మిగతావేవీ కదపకుండా ఒక్కోటీ మార్చి చూడాల్సిందే. 2003లో వియన్నాలో సీ70 అణువులతో (ఒక్కోదానిలో 70 కార్బన్ పరమాణువులుంటాయి) ఇలాగే చేశారు, వాక్యూమ్ ఛాంబర్‌లోకి గ్యాస్ కొంచెం కొంచెంగా వదులుతుంటే ప్రెషర్‌తో పాటు విజిబిలిటీ (అంటే అదే కాంట్రాస్ట్) ఎక్స్‌పొనెన్షియల్‌గా పడిపోయింది, అంటే గ్యాస్ అణువులు గుద్దుకోవడమే కారణం. 2004లో అదే సీ70ని లేజర్‌తో బాగా వేడి చేశారు, అప్పుడది తనంతట తనే ఫోటాన్లు వదిలి తన దారి బయటపెట్టేసుకుంది, ఫ్రింజెస్ క్రమంగా మాయమైపోయాయి. నాకైతే ఈ టాపిక్‌లో ఇంతకన్నా అందమైన ప్రయోగం లేదు.

రెండు దారుల మధ్య దూరం కూడా మార్చి చూడండి. కారణం ఫోటాన్లే అయితే ఆ దూరం వాటి వేవ్‌లెంగ్త్‌ని దాటేదాకా నష్టం పెరుగుతుంది, ఆ తర్వాత దాదాపు అక్కడే ఆగిపోతుంది.