రోజూ సాయంత్రం తలనొప్పి బిళ్ల.. ఇప్పుడు ఆదివారమూ నొప్పే!

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. హనుమకొండలో ఓ ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. నా సీటు సరిగ్గా ఏసీ కింద. 18లో పెడతారు, పెంచితే గొడవ. పక్క సీటాయన ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే ఉంటుంది. వెనకామె సెంటు వాసనకు కడుపులో తిప్పుతుంది. నెత్తిమీద ట్యూబ్‌లైటు నెలలుగా మిణుకుమంటోంది. కుర్చీ కూర్చోగానే కిందికి దిగిపోతుంది. అడిగీ అడిగీ అందరం విసిగిపోయాం. నాలుగయ్యేసరికి కణతల దగ్గర పోటు మొదలవుతుంది. మెడికల్ షాపులో ఇచ్చిన బిళ్ల (పారాసిటమాల్, కెఫీన్ కలిసినది), దాంతోపాటు ఒక గ్యాస్ మాత్ర వేసుకుంటే తగ్గుతుంది. ఆరు నెలలుగా ఇదే వరస. ఈమధ్య ఆదివారాలు కూడా లేచేసరికే తల బరువు. ఇది సైనసా? సీటు మార్చమని హెచ్ఆర్‌కు ఇవ్వడానికి డాక్టర్ లెటర్ దొరుకుతుందా?
– ఓ పాఠకురాలు

సమాధానం: ఏసీ సంగతి తర్వాత. ముందు ఆ బిళ్ల సంగతి చూద్దాం. ఆదివారం మీ ఇంట్లో ఆ ఏసీ లేదు, స్పీకర్ ఫోనూ లేదు. అయినా పొద్దున్నే నొప్పి. అంటే తప్పంతా ఆఫీసుది కాదు. నొప్పి మాత్రల అతివాడకం వల్లే వచ్చే తలనొప్పి ఒకటుంది. పారాసిటమాల్ ఒక్కటే అయితే నెలకు 15 రోజులు, రెండు మూడు మందులు కలిసిన బిళ్ల అయితే 10 రోజులు, ఇలా మూడు నెలలకు మించి వాడితే ఆ అనుమానం రావాలి. మీరు ఈ గీత ఎప్పుడో దాటేశారు. మందు ప్రభావం దిగేసరికి నొప్పి, నొప్పికి మళ్లీ మందు. పైగా అందులో కెఫీన్. ఆఫీసులో టీలు కూడా నాలుగైదు తాగేవారైతే, ఆదివారం అవి తగ్గిన లోటు కూడా తలనొప్పిగా బయటపడుతుంది.

శబ్దం, వెలుతురు, సెంటు వాసన పడకపోవడం, కడుపులో తిప్పడం.. ఇవన్నీ ఆఫీసు మీద ఫిర్యాదులుగా రాశారు. నేను మాత్రం వాటిని లక్షణాలుగా చదివాను. నలుగురూ పట్టించుకోని చప్పుడు మీకు భరించరానిదిగా ఉందంటే మైగ్రేన్ ఉండొచ్చు. ఉందని చూడకుండా చెప్పను. కానీ సైనస్ అనే ముద్ర మాత్రం తొందరపడి వేసుకోకండి. చిక్కటి పచ్చని చీమిడి, ముక్కు దిబ్బడ, వాసన తెలియకపోవడం, జ్వరం లాంటివేవీ మీరు రాయలేదు. చల్లగాలికి ముక్కు నీళ్లు కారితే అది వేరే విషయం. దానికి ముక్కు దిబ్బడ వదిలించే చుక్కలు ఐదు రోజులు దాటి వాడితే దిబ్బడ ఇంకా ముదురుతుంది.

ఇప్పుడేం చేయాలి? నెల రోజులు ఓ కాగితం మీద రాయండి: నొప్పి మొదలైన సమయం, ఎటువైపు, ఏ బిళ్ల, ఎన్ని టీలు, నెలసరి తేదీ. ఈలోగా ఫిజీషియన్‌ను గానీ న్యూరాలజిస్టును గానీ కలవండి. పారాసిటమాల్, కెఫీన్ ఉన్న బిళ్లను సాధారణంగా ఒక్కసారే ఆపించవచ్చు. అయితే మొదటి వారం, పది రోజులు నొప్పి ఎక్కువవుతుంది. చాలామంది అక్కడే భయపడి మళ్లీ షాపుకు వెళతారు. ఆ రోజులు గట్టెక్కడానికి, తర్వాత నొప్పి రాకుండా ఉండడానికి వేరే మందులున్నాయి. ఆస్తమా, గర్భం వంటివి చూసుకుని డాక్టరే ఎంచాలి. ట్రమడాల్, కొడీన్ లాంటి ఘాటైన నొప్పి మందులు గానీ నిద్రమాత్రలు గానీ వాడుతుంటే సొంతంగా ఆపొద్దు. టీ ఒక్కసారే మానకండి, మూడు నాలుగు రోజులకో కప్పు తగ్గించండి. తర్వాత కూడా నొప్పి బిళ్ల వారంలో రెండు రోజులకు మించకూడదు.

ఆ గ్యాస్ మాత్ర ఎవరు చెప్పారు? బిళ్ల ఏదైనా గ్యాస్ మాత్ర తోడుంటే చాలనుకోవడం పొరపాటు. రేపు షాపులో ఇదే నొప్పికి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఇస్తే, కడుపు సంగతి అటుంచి, కిడ్నీలనూ బీపీనీ గ్యాస్ మాత్ర కాపాడదు. ఆఫీసులో మీ సొరుగులోంచి పక్కవాళ్లకూ బిళ్లలు పంచుతుంటే దయచేసి మానేయండి. వాళ్ల బీపీ ఎంతో మీకు తెలియదు.

బీపీ చూపించుకోండి, కళ్ల పరీక్ష చేయించుకోండి. ఈ వయసులో దగ్గరి చూపు తగ్గుతుంది. అద్దాల కింది భాగంలోంచి చూడాలని గడ్డం పైకెత్తితే మెడ పట్టేస్తుంది. కుర్చీ కూడా అంతే. ఎత్తు నిలిపే గ్యాస్ సిలిండర్ (సీటు కింది గొట్టం) పోయిన కుర్చీ దిగినకొద్దీ బల్ల ఎత్తుగా మారి, భుజాలు బిగించి టైప్ చేయాల్సి వస్తుంది. ఆ బిగువు మెడ వెనక నుంచి తలకు పాకుతుంది. సిలిండర్ ఒక్కటే మార్పించవచ్చు. మిణుకుమనే ట్యూబ్‌లైటుకు స్టార్టర్, కాకపోతే చోక్. ఏసీ 24–26 మధ్య ఉంచి, గాలి ముఖానికి తగలకుండా రెక్కలు పైకి తిప్పిస్తే చాలు. 2020 జనవరి నుంచి మన దేశంలో స్టార్ రేటింగ్ గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యే సెట్టింగ్‌తోనే రావాలన్న నిబంధన ఉంది. హెచ్ఆర్‌తో ఆ మాట చెప్పొచ్చు.

ఉన్నట్టుండి పిడుగు పడ్డట్టు నొప్పి వచ్చినా, నొప్పితో పాటు జ్వరం, మెడ బిగుసుకోవడం, కాలుచేయి పట్టు తప్పడం, మాట తడబడటం, చూపు మసకబారడం ఉన్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, ఎమర్జెన్సీకి వెళ్లండి.

లెటర్ ఉత్తరాల మీద ఇచ్చేది కాదు. మిమ్మల్ని పరీక్షించిన డాక్టర్ అవసరమనుకుంటే ఇస్తారు. వెళ్లేటప్పుడు రాసుకున్న కాగితం, ఖాళీ అయిన స్ట్రిప్పులు పట్టుకెళ్లండి.